ముందు వరుసలో కూర్చున్నవాళ్లు వింటున్నారు

కోస్తాలో ఒక చిన్న పట్టణం. అక్కడి వృద్ధాశ్రమం మేడ మీద కొత్తగా రెండు గదులు వేశారు. ప్రారంభోత్సవానికి పిలిస్తే వెళ్లాను. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, గంటన్నర ఆలస్యంగా వచ్చిన ముఖ్య అతిథి. ఆయన రిబ్బను కత్తిరించి, మైకు అందుకుని అన్న మొదటి మాట ఇది: ‘‘ఇలాంటి ఆశ్రమాలు ఉండటమే మన సమాజానికి సిగ్గుచేటు. వీటి అవసరం లేని రోజు రావాలని ఆ దేవుణ్ణి కోరుకుంటున్నాను.’’ చప్పట్లు మోగాయి. ముందు వరుసలో కొత్త చీరల్లో, ఉతికిన పంచెల్లో కూర్చున్నవాళ్లూ కొట్టారు. కొట్టక ఏం చేస్తారు, ఆ చీరలు ఆయన పంచినవే. ఒకామె మాత్రం ఊరుకుంది. ఆమె కుడిచెయ్యి పక్షవాతంతో పడిపోయింది.

ఆస్పత్రి ప్రారంభించడానికి వచ్చినవాడు రోగులను ఎదురుగా కూర్చోబెట్టుకుని ‘ఆస్పత్రులు మనకు సిగ్గుచేటు’ అనడు. బడి తెరవడానికి వచ్చినవాడు ‘కన్నవాళ్లే ఇంట్లో అక్షరాలు దిద్దిస్తే ఈ ఖర్మ పట్టేది కాదు’ అని పిల్లల ముఖం మీద అనడు. ముసలివాళ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈ మాట సంస్కారం కింద చెల్లిపోతోంది.

ఆయన చెడ్డవాడేం కాదు. అది ఆయన ఒక్కడి మాటా కాదు. పెళ్లి పందిళ్లలో, రైలు పెట్టెల్లో, సినిమా చివరి పావుగంటలో మనందరం తలూపే మాట. కన్నవాళ్లను చూసుకోవడం పిల్లల పని. చూడని పిల్లలు దుర్మార్గులు. వాళ్లు వదిలేసినవాళ్లకు చోటిచ్చే సంస్థ ఆ దుర్మార్గానికి వత్తాసు. కనక అలాంటి చోట పుట్టినరోజు నాడు ఓ పూట అన్నం పెట్టొచ్చు గానీ, నెలనెలా డబ్బిచ్చి పెంచి పోషించకూడదు. ఈ వరుసలో మొదటి మాటతో నాకు పేచీ లేదు. రెండోది చాలాసార్లు తప్పు. మూడోది పూర్తిగా తప్పు. నాలుగోది మనుషుల ప్రాణాల మీదికి తెస్తోంది.

అసలు ఆ ముందు వరుసలో ఉన్నది ఎవరు? మన ఊహలో వృద్ధాశ్రమం అంటే అమెరికా కొడుకు, డాబుసరి కోడలు, ఫొటో గుండెకు హత్తుకుని ఏడ్చే తల్లి. సినిమాకు ఆ కథ చాలు. ఉచితంగా నడిచే ఏ చిన్న ఆశ్రమానికైనా ఓ మధ్యాహ్నం వెళ్లి మంచాల వెంట నడిచి చూడండి. పెళ్లే చేసుకోని ఆయన ఒకరు. పిల్లలు కలగక, భర్త పోయాక మరుదులు ఇల్లు ఖాళీ చేయించిన ఆమె ఒకరు. ఉన్న ఒక్క కొడుకూ పోయి, కోడలు చంటిపిల్లతో కూలికి వెళ్తుంటే ఆమెకు బరువు కాకూడదని వచ్చేసిన అవ్వ. కూతుళ్లే ఉండి, అల్లుడి పంచన పడి ఉండటం నామోషీ అనుకున్న పెద్దాయన. ముప్పై ఏళ్లు నాలుగిళ్లలో వంట చేసి, చేతులు వణకడం మొదలయ్యాక ఏ ఇంట్లోనూ పని దొరకని వంటమనిషి. కొడుకులున్నవాళ్లు కూడా ఉంటారు. ఆ కొడుకుల్లో కొందరు హైదరాబాదులో వాచ్‌మన్ గదిలో కాపురం ఉంటూ ఉంటారు. పది అడుగుల గదిలో భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. మంచం పట్టిన తల్లిని ఎక్కడ పడుకోబెట్టాలి?

వలస అనగానే మనకు విమానాలు గుర్తుకొస్తాయి. పాలమూరు నుంచి ముంబైకి వెళ్లే బస్సులు, శ్రీకాకుళం నుంచి చెన్నై, హైదరాబాదులకు కట్టడాల పనికి వెళ్లే రైళ్లు, కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన మగవాళ్లు, కడప, గోదావరి జిల్లాల నుంచి అదే గల్ఫ్‌కు ఇంటి పనికి వెళ్లిన ఆడవాళ్లు గుర్తుకు రారు. వీళ్లందరి ఊళ్లలోనూ తాళం వేయని ఇళ్లలో మిగిలింది ముసలివాళ్లే. కువైట్‌లో ఎవరింట్లోనో ముసలామెకు స్నానం చేయిస్తున్న మన ఆడకూతురు, తన తల్లికి ఆ పని చేయలేకపోయినందుకు ‘దుర్మార్గురాలు’ అవుతుందా? ఆమె పంపే డబ్బుతోనే ఆ తల్లికి మందులు కొంటున్నారు. డబ్బు వస్తోంది. నీళ్లు కాచి పోసే చెయ్యి మాత్రం సముద్రం అవతల ఉంది.

ఇక మన సంస్కృతి సంగతి. ‘మనకు ఇవన్నీ లేవండీ, తెల్లవాడి దగ్గర నేర్చుకున్నాం’ అంటారు. కాశీలో తెలుగువాళ్ల సత్రాలు ఎందుకు పుట్టాయి? యాత్రికుల కోసమే కాదు, చివరి రోజులు అక్కడ గడపడానికి వెళ్లినవాళ్ల కోసం కూడా. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమని సామెత చెప్పుకున్న జాతి మనది. ముసలితనంలో ఇల్లు విడిచి, పరాయి ఊళ్లో, దాతల అన్నం తింటూ, తోటి ముసలివాళ్ల మధ్య కన్నుమూయడాన్ని పుణ్యం అన్నాం. కాశీవాసం అంటే చేతులు జోడించాం. అదే ఏర్పాటు మన పట్టణంలో మంచాలు, మందులు, ఆయాలతో ఉంటే సిగ్గుచేటు అయింది! భర్త పోయిన ఆడవాళ్లను ఆ పుణ్యం పేరుతో ఎందరిని అక్కడ దింపి వచ్చారో కూడా మన తాతల తరానికి తెలుసు. ఉమ్మడి కుటుంబం స్వర్గం అనేవాళ్లు ఆ కుటుంబం అందరికీ ఒకేలా చోటివ్వలేదన్న సంగతి మరిచిపోతారు.

లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ వచ్చినవాళ్లకు వచ్చినట్టు అన్నం పెట్టింది. ఆమె 1909లో పోయింది, గోదావరి జిల్లాల్లో ఇవాళ్టికీ ఆ పేరు తలుచుకుంటారు. ఆంధ్రప్రదేశ్‌లో బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి ఆమె పేరే పెట్టారు. గడపలోకి వచ్చిన ముసలివాణ్ణి ‘నీ కొడుకులు ఏం చేస్తున్నారు?’ అని ఆమె నిలదీసినట్టు ఎవరూ చెప్పగా నేను వినలేదు. ఆకలేసినవాడు ఆకలేసినవాడే. మన సంస్కృతి అని దేన్నయినా నెత్తిన పెట్టుకోవాలంటే నేను దీన్ని పెట్టుకుంటాను.

పోనీ, పూర్వం పిల్లలే చూసుకునేవారు కదా అంటారు. చూసుకున్నారు, ఒప్పుకుంటాను. ఎవరు చూసుకున్నారు, ఎన్నాళ్లు చూసుకున్నారు అన్నదే ప్రశ్న. చూసుకున్నది కొడుకు కాదు, కోడలు. ఆమె చాకిరీకి జీతం లేదు, సెలవు లేదు, కనీసం పేరు లేదు. పేరు ‘తల్లిని కళ్లల్లో పెట్టుకుని చూసుకున్న’ కొడుక్కి వచ్చింది. ఇక ఎన్నాళ్లు? స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన సగటు ఆయుర్దాయం 32 ఏళ్ల దగ్గర ఉంది. పసిపిల్లల చావులు ఆ సగటును కిందికి లాగిన మాట నిజమే, అయినా అప్పుడు డెబ్బై దాటినవాళ్లు ఊరికి ఏ నలుగురో. ఇప్పుడు సగటే 70కి అటూ ఇటూ ఉంది. 1951 జనాభా లెక్కల్లో అరవై దాటినవాళ్లు దేశం మొత్తమ్మీద సుమారు 2 కోట్లు. 2011లో 10 కోట్ల 38 లక్షలు. మరో పక్క పిల్లలు తగ్గారు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో స్త్రీకి పుట్టే పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో సగటున 1.7, తెలంగాణలో 1.8.

ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి చూస్తే కుటుంబాన్ని తిట్టబుద్ధి కాదు. పూర్వం జ్వరం వచ్చి పది రోజుల్లో పోయేవారు. ఇప్పుడు పక్షవాతం వచ్చి పదేళ్లు బతుకుతున్నారు. మతిమరుపు జబ్బు వచ్చినవాళ్లు కన్నకొడుకును ‘నువ్వెవరు బాబూ’ అని అడుగుతూ, రాత్రి రెండింటికి గడియ తీసుకుని రోడ్డు మీదికి నడుస్తున్నారు. అలాంటి మనిషిని ఇరవై నాలుగు గంటలూ కనిపెట్టి ఉండటానికి, ఉద్యోగం చేస్తున్న భార్యాభర్తలిద్దరు, ఒక బిడ్డ ఉన్న ఇల్లు ఎలా సరిపోతుంది? నలుగురు అన్నదమ్ములు, నలుగురు తోటికోడళ్లు పంచుకున్న బరువును ఒక్క కూతురి మీద పెట్టి, ఆమె మోయలేకపోతే కాలం చెడిపోయింది అంటున్నాం.

దీనికి మందు ఎక్కువ మంది పిల్లల్ని కనడమేనని ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి 2024లో చెప్పారు. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనను కూడా ఆ ఏడాదే ఎత్తేశారు. మంచిదే. కానీ ఇవాళ కడుపున పడ్డ బిడ్డ సంపాదనకు రావడానికి పాతికేళ్లు పడుతుంది. మంచం మీది అవ్వకు బీపీ మాత్ర ఈ రాత్రికి కావాలి.

‘చట్టం ఉంది కదా, కేసు పెట్టమనండి’ అనేవాళ్లు ఉన్నారు. ఉంది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007. మంచి చట్టమే. ఆర్డీవో స్థాయి అధికారి ట్రిబ్యునల్‌గా కూర్చుంటారు. నెలకు 10 వేల దాకా ఇప్పించవచ్చు. చూసుకుంటానని ఆస్తి రాయించుకుని చూడకపోతే ఆ రాతను రద్దు చేయవచ్చు. ఆస్తి విషయంలో ఈ చట్టం ఎందరికో అక్కరకు వచ్చింది, దాన్ని తీసిపారేయను. కానీ చదివి చూడండి. పిల్లలు లేని వృద్ధులను చూడాల్సిన బంధువు ఎవరంటే, వాళ్ల ఆస్తిని అనుభవిస్తున్నవాడో, రేపు దక్కించుకోబోయేవాడో అని చట్టం చెబుతోంది. అంటే పిల్లలూ లేక, ఆస్తీ లేని మనిషి ఎవరి మీదా కేసు వేయలేడు. అతనికి చట్టంలో బంధువే లేడు! అలాంటివాళ్ల కోసం అదే చట్టం 19వ సెక్షన్లో జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మందికి తగ్గకుండా చోటుండే ఆశ్రమాలు నెలకొల్పే సంగతి రాశారు. నెలకొల్పి తీరాలి అనలేదు, నెలకొల్పవచ్చు అన్నారు. ‘వచ్చు’ అన్న ఆ రెండక్షరాల్లో ఎన్ని జిల్లాల ముసలితనం ఇరుక్కుందో మీ జిల్లా కేంద్రానికి వెళ్లి వాకబు చేయండి.

పైగా ఆ చట్టమే ఇంకో మాట చెబుతోంది. వృద్ధులు తామై అర్జీ పెట్టుకోలేకపోతే వారి తరఫున రిజిస్టరైన స్వచ్ఛంద సంస్థ పెట్టవచ్చని. రాసినవాళ్లకు తెలుసు, తొంభై ఏళ్ల మనిషిని ఆటో ఎక్కించి ఆర్డీవో ఆఫీసు మెట్లెక్కించడానికి ఊళ్లో ఎవరో ఒకరు ఉండాలని. ఆ ‘ఎవరో ఒకరు’ మనం వత్తాసు అని ఈసడిస్తున్న సంస్థే. పైగా పట్టుబట్టి కొడుకు దగ్గర 10 వేలు ఇప్పించినా, ఆ నోట్లు రాత్రిపూట ఆమెను పక్కకు తిప్పి పడుకోబెట్టవు. రెండు గంటలకోసారి తిప్పకపోతే వీపున పుండ్లు పడతాయి. ఆ తిప్పే చెయ్యి కావాలి.

‘ప్రభుత్వం పింఛను ఇస్తోంది’ అన్న మాటకూ ఇదే జవాబు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలు. తెలంగాణలో 2019లో 2,016 చేశారు, 4,000 చేస్తామని 2023 ఎన్నికల్లో హామీ ఇచ్చారు. ఇందులో 60 నుంచి 79 ఏళ్లవారి తలకు కేంద్రం వాటా 200 రూపాయలు. ఏళ్లు గడిచినా ఆ రెండొందలు రెండొందలుగానే ఉన్నాయి. పింఛను చాలా ఇళ్లలో ముసలివాళ్లకు తిరిగి మర్యాద తెచ్చింది. ఒకటో తారీఖున అవ్వ చేతిలో నాలుగు వేలు పడుతుంటే ఆ ఇంట్లో ఆమె కంచంలో కూర కూడా పడుతోంది. నేను చూశాను. కానీ పింఛను ఎవరికి అక్కరకొస్తుంది? నడిచి కొట్టు దాకా వెళ్లగలిగినవాళ్లకు, లేదా వెళ్లి తెచ్చిపెట్టే మనిషి ఉన్నవాళ్లకు. ఆరోగ్య బీమా సంగతీ అంతే. డెబ్బై దాటినవారందరికీ ఏటా 5 లక్షల దాకా ఉచిత వైద్యం అని కేంద్రం 2024లో ప్రకటించింది. కార్డు దిండు కింద ఉంటుంది. ఆస్పత్రికి వెంట వెళ్లి, లైన్లో నిలబడి, వేలిముద్ర పడకపోతే బతిమాలి, స్కానింగ్ అయ్యేదాకా బల్ల మీద కూర్చునే మనిషి దిండు కింద ఉండడు.

ఇప్పుడు అసలు వాదనకు వద్దాం. నేను దీన్ని తేలిగ్గా కొట్టిపారేయను. ‘సౌకర్యం పెడితే పిల్లలు వదిలేయడం సులువవుతుంది’ అంటారు. వదిలేయదలుచుకున్నవాడు ఆశ్రమం ఎక్కడుందా అని వెతకడు. బస్టాండులో కూర్చోబెట్టి ‘టీ తాగి వస్తా’ అని వెళ్లిపోతాడు. పుణ్యక్షేత్రంలో దర్శనం లైను దగ్గర వదిలేస్తాడు. పేపర్లలో మనం చదివే ఆ వార్తల్లో ముసలివాళ్లు దొరికిన చోటు ఆశ్రమం కాదు, రోడ్డు. రోడ్డు మీది నుంచి ఎత్తుకొచ్చి స్నానం చేయించినవాళ్లది ఆశ్రమం. ఆశ్రమం గేటు దాకా వచ్చి, లోపలికి రాలేక, గంటసేపు వేపచెట్టు కింద నిలబడి కళ్లు తుడుచుకునే కూతుళ్లది వేరే కథ. వాళ్లు వదిలించుకోవడానికి వచ్చినవాళ్లు కారు. మూడేళ్లు రాత్రిళ్లు నిద్ర లేక, నడుం పడిపోయి, ఉద్యోగం ఊడి, ఇక చేతకాక వచ్చినవాళ్లు. వాళ్ల వీధిలో పగలు నాలుగు గంటలు తల్లిని కూర్చోబెట్టుకునే కేంద్రం ఒకటి ఉంటే, వారానికి రెండుసార్లు ఇంటికొచ్చి పుండుకు కట్టు కట్టే నర్సమ్మ ఉంటే, ఆ కూతురు గేటు దాకా వచ్చేదే కాదు. అంటే వృద్ధుల సేవాసంస్థ కుటుంబాన్ని కూలదోసేది కాదు, కూలకుండా ఆపే ఊతకర్ర. ‘సంస్థ’ అనగానే మన కళ్లకు ఆశ్రమం ఒక్కటే కనిపిస్తుంది గనక ఈ సంగతి తోచదు.

ఇది గాలిలో మేడ కాదు. దక్షిణాదిలోనే కేరళ ఉంది. 1993లో కోజికోడ్‌లో కొందరు డాక్టర్లు, వాళ్లకు తోడుగా మామూలు మనుషులు, మంచం పట్టిన రోగుల నొప్పి తగ్గించడానికి ఒక చిన్న సొసైటీ పెట్టారు. 2001 నాటికి అది మలప్పురం, పరిసర జిల్లాల్లో ఊరూరి వలంటీర్ల అల్లికగా మారింది. కొట్లవాళ్లు, విద్యార్థులు, కూలీలు నెలనెలా చిన్న చిన్న మొత్తాలు వేసుకున్నారు. ఏ ఇంట్లో ఎవరు మంచాన ఉన్నారో ఆ వీధివాళ్లకు తెలుసు, నర్సును వెంటబెట్టుకుని ఇంటికే వెళ్లారు. 2008లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని చూసి తన విధానం రాసుకుంది. ముందు ఊరు కదిలింది, తర్వాత సర్కారు కదిలింది. అక్కడి పిల్లలు దీనివల్ల చెడిపోయారని ఎవరూ అనలేదు. గల్ఫ్‌కు అందరికన్నా ముందు పిల్లల్ని పంపిన రాష్ట్రం అది, ఏం కావాలో వాళ్లకు ముందే తెలిసింది.

అంత దూరం ఎందుకు, మన దగ్గరే ఒక సంగతి జరిగింది. వృద్ధుల కోసం దేశమంతటా పనిచేస్తున్న 14567 ఫోన్ నంబరు మీలో కొందరికి తెలిసే ఉంటుంది. అది ఢిల్లీ ఫైళ్లలో పుట్టలేదు. 2017లో హైదరాబాదులో, టాటా ట్రస్ట్స్ అండతో విజయవాహిని చారిటబుల్ ఫౌండేషన్ అనే సంస్థ మొదలుపెట్టిన పని అది. కేంద్రం దాన్ని 2021లో దేశానికంతటికీ తెచ్చింది. ‘సంస్థలెందుకు, సర్కారు ఉందిగా’ అనేవాళ్లు ఆ నంబరుకు ఫోన్ చేసినప్పుడు పలికేది ఒక సంస్థ నేర్పిన పలుకే.

ఇక మన దాతృత్వం తీరు. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఆ ముఖ్య అతిథి మాటకన్నా ఇది ఎక్కువ నష్టం చేస్తోంది. ఆశ్రమానికి వెళితే గోడ మీద క్యాలెండర్ ఉంటుంది. అందులో ఏ రోజు ఎవరి అన్నదానమో రాసి ఉంటుంది. పుట్టినరోజులు, పెళ్లిరోజులు, తద్దినాలు. మహాలయ పక్షాల్లో గడి ఖాళీ ఉండదు. పోయిన పెద్దల పేరిట ఉన్న పెద్దలకు పూటకు రెండు పాయసాలు. ఆషాఢంలో గడులు బోసిపోతాయి, ఆ నెలలో పెళ్లిళ్లు ఉండవు గనక పెళ్లిరోజులూ తక్కువ. షుగరున్న ముసలాయనకు దాత చేత్తో లడ్డూ తినిపించి ఫొటో దిగుతారు. ఆయన వద్దంటే దాతకు కోపం, తింటే రాత్రికి మేనేజరుకు గుండెదడ. వచ్చిన ఇంకో కుటుంబం పిల్లాడితో కేకు కోయించి, ముసలివాళ్లందరి చేతా ‘హ్యాపీ బర్త్‌డే’ పాడిస్తుంది. నెలకు ఇరవైసార్లు ఆ పాట పాడే ఉద్యోగం వాళ్లకు మనం ఎప్పుడు ఇచ్చాం?

అన్నం పెట్టడం తప్పనడం లేదు. అన్నానికి కొదవ లేని చోట అన్నమే పెడుతున్నాం అంటున్నాను. ముప్పై మంది ఉన్న ఆశ్రమం అనుకుందాం. అందులో పది మంది మంచం మీదివాళ్లు. ఒక్కొక్కరికి రోజుకు మూడు డైపర్లు, ఒక్కోటి 35 రూపాయలు. నెలకు వాటికే 31,500. పగటికి ఇద్దరు, రాత్రికి ఇద్దరు ఆయాలు, వీళ్లలో ఎవరైనా రాకపోతే నిలబడటానికి ఇంకొకామె. తలకు 12 వేల చొప్పున 60 వేలు. కరెంటు, మందులు, మోటారు రిపేరు, సెప్టిక్ ట్యాంకు. ఈ ఖర్చుల్లో ఏ ఒక్కదానికైనా దాత పేరు రాయించుకున్న ఫొటో మీరెప్పుడైనా చూశారా? ‘ఈ నెల డైపర్లు ఫలానావారి ధర్మపత్ని జ్ఞాపకార్థం’ అని బోర్డు పెట్టరు. సెప్టిక్ ట్యాంకుకు శిలాఫలకం వేయరు.

‘నా డబ్బు జీతాలకు పోకూడదు’ అని చెక్కు వెనక రాసిచ్చే దాతలున్నారు. ఈ ఒక్క వాక్యం వల్ల మూతపడిన మంచి పనులు ఎన్నో. ముసలివాళ్ల సేవ అంటే ఏమిటి? ఒక మనిషి ఇంకో మనిషికి ఒళ్లు తుడవడం, అన్నం కలిపి పెట్టడం, పక్క మార్చడం, చెప్పిందే పదిసార్లు చెబితే పదిసార్లూ వినడం. జీతం తీసేస్తే ఇందులో మిగిలేది గోడలు, మంచాలు. ఆ ఆయా ఎవరో కూడా చూడండి. యాభై దాటిన మనిషి, చాలాసార్లు భర్త లేనిది, మోకాళ్ల నొప్పులు మొదలైనది. ఇంకో పదిహేనేళ్లకు ఆమెకూ ఇలాంటి మంచమే కావాలి. ఆమె జీతంలో కోత కోసి మనం పుణ్యం మిగుల్చుకుంటున్నాం.

మోసాల మాట ఎత్తకుండా వదిలేస్తే ఈ వ్యాసం నిజాయితీ లేనిదవుతుంది. ఉన్నాయి. వృద్ధుల ఫొటోలు చూపించి రైళ్లలో డబ్బాలు ఊపేవాళ్లున్నారు. ముసలివాళ్ల పింఛను కార్డులు లాక్కుని పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. అయితే కల్తీ పాలు ఉన్నాయని పాలు మానేశామా? పాలవాణ్ణి మార్చాం. ఇక్కడ ‘ఊళ్లో ఉన్న సంస్థ’ అన్న మాటకు విలువ అందుకే. దూరాన ఉన్న పెద్ద పేరును మీరు నమ్మాల్సిందే, చూడలేరు. మీ వీధి చివరిదాన్ని చూడగలరు. చెప్పకుండా ఓ మధ్యాహ్నం మూడు గంటలకు వెళ్లండి. గది వాసన చెబుతుంది. మంచం మీదివాళ్ల గోళ్లు చెబుతాయి, కత్తిరించి ఉన్నాయా అని. రిజిస్ట్రేషన్ కాగితం, నిరుటి ఆడిట్ లెక్క అడగండి. మంచివాళ్లు సంతోషంగా చూపిస్తారు, అడిగేవాళ్లు లేకనే వాళ్లు మొహం వాచిపోయి ఉన్నారు. డబ్బు రొక్కంగా కాకుండా బ్యాంకు ద్వారా వేయండి. పాత పన్ను విధానంలో ఉన్నవారికి దానం మీద పన్ను మినహాయింపు కూడా దొరుకుతుంది, కానీ రెండు వేలు దాటిన నగదు దానానికి దొరకదు. కొత్త విధానంలోకి మారినవారికి అదీ లేదు. పన్ను తగ్గితేనే జాలి కలుగుతుందంటే నేను చెప్పేదేమీ లేదు.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు కూడా ఒక మాట. ఊరికి ముఖద్వారం కట్టించారు, గుడికి గోపురం ఎత్తించారు, సంతోషం. ఆ ముఖద్వారం లోపల మిగిలింది ఎక్కువగా మీ అమ్మానాన్నల వయసువాళ్లే. భారత పాస్‌పోర్టు మీద ఉన్నవాళ్లు తమ సొంత సంపాదనలోంచి ఊళ్లోని సంస్థకు ఇస్తే విదేశీ విరాళాల చట్టం అడ్డు రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇస్తే మాత్రం అది విదేశీ విరాళమే. ఆ సంస్థకు అందుకు రిజిస్ట్రేషన్ ఉండాలి, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఖాతా ఉండాలి. 2020 సవరణ తర్వాత పెద్ద సంస్థ ఆ డబ్బు తీసుకుని చిన్న సంస్థకు పంచడానికీ వీల్లేదు. కనక ఇంకా పాస్‌పోర్టు మారనివాళ్లు ఈ పని వాయిదా వేయకండి. కంపెనీలవాళ్లకు ఏ సాకూ లేదు. కంపెనీల సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టదగిన పనుల్లో వృద్ధాశ్రమాలు, పగటి సంరక్షణ కేంద్రాల పేర్లు 2013 చట్టం ఏడో షెడ్యూల్లోనే ఉన్నాయి.

పిల్లలు తల్లిదండ్రుల్ని చూడనక్కర్లేదని నేనెక్కడా అనలేదు, అనను. చూడగలిగి చూడనివాణ్ణి ట్రిబ్యునల్ ముందు నిలబెట్టాల్సిందే. కానీ వాడి పాపానికి శిక్ష వాడి తల్లికి పడుతోంది. వాడికి బుద్ధి రావాలని ఆమె డైపర్ మార్చడం ఆపుతామా?

ఏటా అక్టోబరు 1న అంతర్జాతీయ వృద్ధుల దినోత్సవం అని సభలు జరుగుతాయి. మీలో ఎవరినో ఒకరిని మైకు ముందుకు పిలుస్తారు. వెళ్లండి, కానీ శాలువా వద్దని ముందే చెప్పండి, ఆ డబ్బు ఆయాల జీతాల ఖాతాలో వేయమనండి. మాట్లాడేటప్పుడు ‘ఇలాంటి చోట్లు ఉండకూడదు’ అని మాత్రం అనకండి. ముందు వరుసలో కూర్చున్నవాళ్లకు చెవులు సరిగా వినబడకపోవచ్చు గానీ, ఆ ఒక్క మాట వినబడుతుంది.